బొట్టు లేని కార్డు

హైమ పోయిన రోజున మా ఇంటి మధ్యగది కూడా పోతుంది.

కాటి నుంచి తిరిగొచ్చి, వీధిలోనే కాళ్ళు కడుక్కుని, వరండా దాటి అడుగు వేస్తాను. ఆ అడుగు వంటింట్లో పడుతుంది. మధ్యలో ఉండాల్సిన గది లేదు. కూలిన గుర్తులు లేవు. ఒక్క ఇటుక పెళ్ళ కూడా రాలి లేదు. వరండా గోడ సున్నం, వంటింటి గోడ సున్నం అతుకు కనపడకుండా కలిసిపోయాయి. వానాకాలమంతా నా భార్య హైమ జబ్బుతో ఆ గదిలోనే మంచం మీద ఉంది. మంచం, ఫ్యాను, కిటికీలో పెట్టుకున్న ఆమె కళ్ళజోడు, అన్నీ గదితోనే వెళ్ళిపోయాయి.

నా కూతురు అనఘ ఆరో తరగతి చదువుతోంది. చాప తెచ్చి పొయ్యిగట్టు పక్కన పరుస్తుంది.

"ఇక్కడే పడుకుందాం నాన్నా. ఇల్లు చిన్నదైపోయింది కదా" అంటుంది.

మా అక్కయ్య ఫోను చేస్తుంది. ఏడాది తిరిగేదాకా మీకు పండగల్లేవు, గడపకు పసుపు రాయొద్దు, పిల్లకు కొత్త బట్టలు తియ్యొద్దు అని చెబుతుంది. సరేనంటాను. గది సంగతి ఆమెకు చెప్పను. హైస్కూల్లో లెక్కల మాస్టార్ని. తేలని విషయం ఇంకొకరికి చెప్పే అలవాటు లేదు.

మా ఇంట్లో ఒక క్రెడిట్ కార్డు ఉంది. దాన్ని హైమ బియ్యం డబ్బాలో, అడుగున ఉంచేది. ఏటా ఆయుధపూజ నాడు కత్తిపీటకి, కుట్టుమిషనుకి, నా సైకిలుకి, బోర్డు మీద వృత్తాలు గీసే చెక్క కంపాసుకి పసుపు రాసి బొట్టు పెడుతూ, ఆ వరసలోనే కార్డుకి కూడా పెట్టేది. బొట్టు సరిగ్గా కార్డు మీది బంగారు రంగు బిళ్ళ మీద పడేది. షాపులో మిషను దాన్ని చదవలేకపోయేది. కౌంటర్లో మనిషి చొక్కా అంచుతో కార్డుని తుడుస్తూ నిలబడేవాడు. అతను తుడిచేలోపు హైమ నా వైపు తిరిగి, "పండగయ్యాక కూడా ఇది కావాలా మనకి?" అని అడిగేది. అక్కర్లేదంటే, మరి ఎందుకండీ అనేది. కావాలంటే, అయితే పండగయ్యాకే కొనుక్కుందాం అనేది. నేను ఏం చెప్పినా కార్డు మళ్ళీ బియ్యంలోకే వెళ్ళేది. ఆస్పత్రి కౌంటర్ల దగ్గర తప్ప దాన్ని వాడిన గుర్తు నాకు లేదు. ఆ కౌంటర్ల దగ్గరే పాత బొట్టు అరిగిపోయింది.

మహానవమి పొద్దున పేపరుతో పాటు ఒక కరపత్రం వస్తుంది. మెయిన్‌రోడ్డు మీద మూడంతస్తుల షాపువాళ్ళది. దసరా ఆఫరుకి ఇదే ఆఖరు రోజని ఉంది. ఫ్రిజ్ బొమ్మకీ వాషింగ్ మెషీన్ బొమ్మకీ మధ్యన మా మధ్యగది బొమ్మ ఉంది. కిటికీలో కళ్ళజోడు కూడా పడింది. పాత ధర కొట్టేసి ఉంది. కొత్త ధర వేసి లేదు.

బియ్యం డబ్బాలో చెయ్యి పెడతాను. మోచేతి దాకా వెళ్ళాక కార్డు దొరుకుతుంది. ఈ ఏడు దానికి బొట్టు పెట్టేవాళ్ళు లేరు.

షాపులో గది మూడో అంతస్తులో ఉంది. జనం గుమ్మం దగ్గర చెప్పులు విడిచి లోపలికి వెళ్ళి చూసి వస్తున్నారు. కొత్తగా పెళ్ళైన జంట ఒకటి హైమ పరుపుని అరచేత్తో నొక్కి చూస్తోంది. ఆ అమ్మాయి ఇందులోనే లేత నీలం ఉందా అని అడుగుతోంది. ఫ్యాను ఒకటో నెంబరు మీద తిరుగుతోంది. హైమకి గాలి ఎక్కువైతే పడదు.

"రండి మాస్టారండీ. నేనండి, దొరబాబుని. చక్రవడ్డీ లెక్క రాలేదని మీరు బెంచీ ఎక్కించింది నన్నేనండి" అంటాడు మెడలో ట్యాగు వేసుకున్న కుర్రవాడు.

"ఇప్పుడొచ్చిందా?"

"ఇప్పుడదే అమ్ముతున్నానండి."

అనఘ నా చొక్కా పట్టుకుని గదిలోకి తొంగిచూస్తుంది. మంచం మీద ఎవరూ లేరు. ఇందులో మనిషి ఉండాలని దొరబాబుతో అంటాను. అతను ఇలాంటివి రోజూ వింటున్నట్టే తలాడిస్తాడు.

"ఆఫరు గది వరకేనండి. గొంతు వేరే, మనిషి వేరే. ముందు గది వేయించుకోండి, మిగతావి నిదానంగా చూసుకుందాం."

ధర అడుగుతాను. మా ఇంట్లో ఈ ఏడు పండగల్లేవని అతనికి తెలుసు. చావు జరిగిన ఇళ్ళ పేర్లు షాపుకి ముందే అందుతాయట. మీ దసరా, మీ దీపావళి, మీ ఉగాది వాడకుండా పడున్నాయి కదండి, వాటిని డౌన్‌పేమెంట్ కింద తీసుకుంటాం, మీ చేతిలోంచి పోయేదేమీ లేదు అని వివరిస్తాడు. విన్నంతలో లెక్క సరిగ్గానే ఉంది.

"మనకి లేనిదాన్ని వాళ్ళెలా తీసుకుంటారు నాన్నా?" అని అనఘ అడుగుతుంది.

"లేనిది ఇస్తే బరువు తెలీదు పాపా" అంటాడు దొరబాబు.

కార్డు అందుకుని, అలవాటుగా చొక్కా అంచు చేతిలోకి తీసుకుంటాడు. తుడవడానికి ఏమీ లేదు. చొక్కా వదిలేస్తాడు. మిషను కార్డుని ఒక్కసారికే చదువుతుంది. నా పక్కన నిలబడి ఏదో అడగాల్సిన మనిషి చోటు ఖాళీగా ఉంది. ఆ ఖాళీలోంచి ఒక ముసలాయన మిక్సీ డబ్బా పట్టుకుని వెళ్ళిపోతాడు.

సాయంత్రం గది ట్రాలీ ఆటోలో వస్తుంది. ఇద్దరు మనుషులు వంటింటిని భుజాలతో వెనక్కి నెట్టి, మధ్యలో గదిని దించి, గుమ్మాలు కలిపి, టీ తాగి వెళతారు. తలగడ మధ్య గుంట అలాగే ఉంది. అనఘ మంచం ఎక్కదు. మంచం పక్కన నేల మీద పడుకుని, చెయ్యి పైకెత్తి దుప్పటి కొస పట్టుకుంటుంది.

తెల్లారేసరికి గోడ మీది క్యాలెండరులో ఎర్ర అంకెలన్నీ నల్లగా మారి ఉంటాయి. విజయదశమి మంగళవారం మాత్రమే అయింది. మంగళవారం బడి ఉంటుంది. ఇద్దరం తయారై వెళతాం.

బడి మా ఇద్దరికోసమే తెరిచి ఉంది. గంట మోగుతుంది. ఆరో తరగతి గదిలో అనఘ ఒక్కతే తన బెంచీ మీద కూర్చుంటుంది. హాజరు పట్టీ తీసి అందరి పేర్లూ పిలుస్తాను. తన పేరు వచ్చినప్పుడు "ప్రెజెంట్ సార్" అంటుంది. బళ్ళో నన్ను నాన్నా అని పిలవకూడదని హైమ నేర్పింది. ఊళ్ళో ఎక్కడో డప్పులు వినిపిస్తున్నాయి. బోర్డు మీద చక్రవడ్డీ వేస్తాను. అది ఎనిమిదో తరగతి పాఠం, కానీ ఇంకే పాఠమూ నా చేతికి రాదు.

"అసలు కట్టకుండా వడ్డీ ఒక్కటే కడుతుంటే ఎప్పటికి తీరుతుంది సార్?"

"తీరదు."

అనఘ దాన్ని పుస్తకంలో రాసుకుంటుంది.

ఆ వారంలో బ్యాంకు నుంచి ఫోనుకి మెసేజీలు వస్తాయి. నా నమ్మకానికి మెచ్చి లిమిట్ పెంచారు. గది కొన్నందుకు పాయింట్లు కలిశాయి. పాయింట్లకి బహుమతిగా ఏమొస్తుందో అందులో లేదు.

ఆ బహుమతి ఒకరోజు భోజనాల వేళ వస్తుంది. మధ్యగదిలో హైమ దగ్గు వినిపిస్తుంది. పొడి దగ్గు, ఒకటి వెంట ఒకటి, చివర చిన్న ఆయాసం. అనఘ కంచం ముందునుంచి లేచి గ్లాసుతో నీళ్ళు తీసుకుని పరిగెడుతుంది. నేనూ వెళతాను. ఖాళీ మంచం పక్కన ఇద్దరం నిలబడతాం. దగ్గు తలగడ మీదే ఉంది. గ్లాసుని ఎవరి నోటికి అందించాలో తెలియక, తలగడ గుంటలో కొంచెం ఒంపుతాం. దగ్గు ఆగుతుంది. ఆ రోజునుంచి మంచినీళ్ళ చెంబు మళ్ళీ మంచం పక్కకి వస్తుంది.

మర్నాడు బడి వదిలాక ఒక్కణ్ణే షాపుకి వెళతాను. దసరా ఆఫరు తోరణాలు విప్పి దీపావళి ఆఫరు తోరణాలు కడుతున్నారు. గొంతు కావాలంటాను. దొరబాబు కుర్చీ వేస్తాడు, కూల్‌డ్రింక్ తెప్పిస్తాడు. దీనికి నా పేరున ఇకముందు వచ్చే పండగలన్నీ రాసిస్తే సరిపోతుందంటాడు. అన్నీ ఒకేసారి కట్టనక్కర్లేదు, నెలకి మినిమం కడితే చాలు, మిగిలింది దానంతట అదే తిరుగుతూ ఉంటుంది.

పండగలు ఉన్నా నేనేం చేసుకుంటాను అనిపిస్తుంది. కార్డు ఇస్తాను. మిషను వెంటనే చదువుతుంది.

గొంతుని తెల్లటి థర్మోకోల్ పెట్టెలో పెట్టి ఇస్తారు. ఇంటికి తెచ్చి బీరువా వెనక పెట్టి, పెట్టె చించి పారేస్తాను. హైమ గొంతు చక్కగా పనిచేస్తుంది. రోజూ అనే మాటలే అంటుంది. "గ్యాసు కట్టేశారా." "పిల్ల తలకి నూనె పెట్టారా." "ఆ కిటికీ తలుపు కాస్త దగ్గరికెయ్యండి." మనం అడిగినదానికి జవాబు చెప్పదు. ఆ సౌకర్యం మనిషితో పాటు వస్తుందని దొరబాబు ముందే చెప్పాడు. నేను గ్యాసు కట్టేస్తాను. అనఘ తలకి నూనె పెడతాను. కిటికీ తలుపు దగ్గరికేస్తాను. ఇల్లు నడుస్తున్నట్టే ఉంటుంది.

దీపావళి దగ్గరపడుతుంది. మా వీధిలో అన్ని పిట్టగోడలకీ రంగు బల్బుల తీగలు వేలాడదీశారు. ఒక సాయంత్రం అనఘా నేనూ పాలు తేవడానికి వెళుతున్నాం. ఎదురింటివాళ్ళ తీగ ఎర్రగా, పచ్చగా వెలిగి ఆరుతోంది. ఈసారి బాగా కట్టారు కదూ అంటాను.

"ఏంటి నాన్నా?"

"ఆ లైట్లు."

అనఘ చాలాసేపు అటే చూస్తుంది. గోడ కనిపిస్తోందని, పిట్టగోడ మీద కాకి కనిపిస్తోందని చెబుతుంది. లైట్లు కనిపించడం లేదు. వీధి చివర పిల్లలు చిచ్చుబుడ్డి వెలిగిస్తారు. వెలుగు మా కాళ్ళ దాకా వస్తుంది. అనఘ కాళ్ళ మీద మాత్రం చీకటి అలాగే ఉంటుంది.

"అందరూ ఖాళీ రోడ్డు చూసి ఎందుకు నవ్వుతున్నారు?" అని అడుగుతుంది.

ఇంటికొచ్చి ఫోనులో మెసేజీలన్నీ మొదటినుంచి చదువుతాను. నా పేరున మిగిలిన పండగలు చాలవు, వాటిని ఆఖరుకి ఉంచి బాకీని ముందు అనుబంధ ఖాతా నుంచి సర్దుతున్నాం అని ఒకదాన్లో ఉంది. నా వయసు తీసేస్తే నాకు మిగిలే పండగలు అంత తక్కువని నేను లెక్క వేసుకోలేదు. అనుబంధ ఖాతా పేరు అనఘ. ఆమె దగ్గర పండగలు చాలా ఉన్నాయి. మినిమం కింద వాటిలోంచి తీసుకుంటున్నారు.

బీరువా వెనకనుంచి గొంతు, పిల్ల తలకి నూనె పెట్టారా అంటుంది. పెట్టానంటాను. అది వినిపించుకోదు.

నరకచతుర్దశి సాయంత్రం దొరబాబే మా ఇంటికి వస్తాడు. స్కూటరు మీద స్వీట్ల డబ్బా, భుజానికి మిషను సంచి. చెప్పులు గడప బయట విడుస్తాడు. పిల్లకి లైట్లు కనపడటం లేదని చెబుతాను. అది మామూలేనండి, పాత బాకీకి మినిమం కట్టుకుంటూ పోతే అలాగే అవుతుంది, దానికి ఒకటే దారి, పెద్ద ప్లాను తీసుకుని అన్నిటినీ కలిపేసుకోవడం అంటాడు. పెద్ద ప్లాను అంటే మనిషి. మనిషి వచ్చేస్తే గొంతు, దగ్గు, గది విడివిడిగా కట్టనక్కర్లేదు. అన్నిటికీ కలిపి అనఘ పేరున ఉన్న పండగలన్నీ, ఆమె ముసలిదయ్యేదాకా.

"చూసుకోకుండా తీసుకోమనటం లేదండి. శాంపిల్ తెచ్చాను."

మధ్యగదిలోకి వెళతాం. మంచం మీద దుప్పటి అంచు కింద హైమ చెయ్యి ఉంది, మణికట్టు దాకా. వేళ్ళు కొంచెం మడిచి ఉన్నాయి. ఆషాఢంలో అనఘ ఆమెకి గోరింటాకు పెట్టింది. గోళ్ళ మొదట్లో తెల్లగా పెరిగి, ఎరుపు కొసలకి జరిగింది. ఆ కొసల ఎరుపు నాకు తెలుసు. ఏ షాపూ దాన్ని తయారు చెయ్యలేదు.

చెయ్యి పట్టుకుంటాను. వెచ్చగా ఉంది. అనఘ వచ్చి నా చేతి మీద తన చెయ్యి వేస్తుంది. దొరబాబు మర్యాదగా కిటికీలోంచి బయటికి చూస్తూ ఉంటాడు.

"తీసుకో నాన్నా" అంటుంది అనఘ. "నాకెలాగూ పండగలు కనపడట్లేదు. ఉన్నా ఏం చేసుకుంటాను?"

నేను షాపులో అనుకున్న మాట అదే. బాకీతో పాటు అది కూడా ఆమె పేరుకి మారింది.

జేబులోంచి కార్డు తీస్తాను. దొరబాబు మిషను ముందుకి చాపుతాడు. నా చెయ్యి ఆగదు. కార్డు సగం దాకా వెళ్ళాక, బీరువా వెనకనుంచి కాదు, మంచం మీదనుంచి మాట వస్తుంది.

"పండగయ్యాక కూడా ఇది కావాలా మనకి?"

దొరబాబు తల తిప్పి చూస్తాడు. ఈ మాట గొంతు ప్లానులో లేదండి అంటాడు మెల్లగా.

ఈ ప్రశ్నకి నేను ఎప్పుడూ ఆలోచించి జవాబు చెప్పేవాణ్ణి. ఇప్పుడు ఆలోచించడానికి ఏమీ లేదు.

"కావాలి హైమా" అంటాను.

"అయితే పండగయ్యాకే తెచ్చుకుందురు గాని."

చెయ్యి నా పట్టులోంచి జారి, మిషను మీదికి పాకి, కార్డుని బయటికి లాగుతుంది. ఉంగరం వేలి గోరుని బంగారు రంగు బిళ్ళ మీద ఆనించి కొంతసేపు అలాగే ఉంచుతుంది. తీసేసరికి అక్కడ ఎర్రటి బొట్టు ఉంది. గోరు కొస తెల్లబడిపోయింది.

దొరబాబు కార్డు మిషనులో పెడతాడు. చదవదు. చొక్కా అంచుతో తుడిచి మళ్ళీ పెడతాడు. చదవదు. ఉమ్మి తడిచేసి తుడుస్తాడు. గోరింటాకు తుడిస్తే పోయేది కాదు. అతను తుడుస్తున్నంతసేపూ నేను అనఘ ముఖం చూస్తాను. దీపాలు కనపడని కళ్ళు, నన్ను మాత్రం స్పష్టంగా చూస్తున్నాయి.

"వద్దు. గది, గొంతు కూడా తీసుకెళ్ళు" అంటాను.

"వాడిన గదండి. గొంతు పెట్టె చించేశారు, తలగడ తడిసింది. తరుగు బాగా పోతుంది మాస్టారండీ."

"పోనీ."

అతను గడప మీద కూర్చుని లెక్క వేస్తాడు. ఎక్కడా తప్పు లేదు. తరుగు పోగా, దగ్గు వెనక్కి తీసుకోరు కాబట్టి దాని ఖరీదు పోగా, అనఘ పేరున ఒకే ఒక్క పండగ మిగులుతుంది. దీపావళి. దాన్ని చిన్న కాగితం పొట్లంలో కట్టి ఆమె చేతిలో పెడతాడు. పొట్లం గోరువెచ్చగా ఉంది. అందులో ఏదో చిటపటమంటోంది. అనఘకి ఆ చప్పుడు వినిపిస్తుంది. ఇన్నాళ్ళలో అంత దగ్గరగా చెవి పెట్టి ఆమె దేన్నీ వినలేదు.

స్వీట్ల డబ్బా వదిలేసి దొరబాబు స్కూటరు తీస్తాడు. వెళ్ళే ముందు, మీరు నన్ను బెంచీ ఎక్కించిన రోజు కిటికీలోంచి సముద్రం కనపడిందండి అంటాడు. మా బడి దగ్గర సముద్రం లేదు.

గదిని తీసుకెళ్ళడానికి ఆటో రాదు. అదే లేస్తుంది. గుమ్మాలు విడిపించుకుని, వరండా పక్కనుంచి వీధిలోకి దిగుతుంది. లోపల ఫ్యాను ఒకటో నెంబరు మీద తిరుగుతూనే ఉంది. కిటికీ చువ్వల మధ్యనుంచి ఆ చెయ్యి బయటికి వచ్చి, తలుపు రెక్కని దగ్గరికేసుకుంటుంది. టపాకాయలు కాలుస్తున్నవాళ్ళు పక్కకి జరిగి దారి ఇస్తారు. వెనకాల వంటిల్లు మెల్లగా ముందుకి జరిగి వరండాకి అతుక్కుంటుంది. సున్నం కలిసిపోతుంది. దగ్గు మాత్రం మాతో ఉండిపోతుంది. అది ఎక్కడ ఉండాలో తెలియక పొయ్యిగట్టు కింద చేరుతుంది. అనఘ దానికి ఒక గ్లాసు నీళ్ళు పెడుతుంది.

కార్డునీ పొట్లాన్నీ బియ్యం డబ్బాలో పెడతాను. చెయ్యి మోచేతి దాకా, తర్వాత భుజం దాకా వెళుతుంది. డబ్బా అడుగు తగలదు. బియ్యం కింద ఎవరివో వేళ్ళు నా చేతిలోంచి కార్డు తీసుకుంటాయి. పొట్లం కూడా తీసుకుని, బరువు చూసి, తిరిగి నా చేతిలోనే పెడతాయి. దాన్ని పైనే ఉంచుతాను. అన్నం వండుకోవడానికి బియ్యం ముంచిన ప్రతిసారీ పొట్లం చుట్టూ గింజలు కాస్త వెలుగుతాయి. ఆ వెలుగు అనఘకి కనిపిస్తుంది.

మధ్యగది ఎక్కువ దూరం వెళ్ళలేదు. బడికి వెళ్ళే దారిలో, మలుపు దగ్గర, రోడ్డుకి అడ్డంగా నిలబడింది. బస్సులు హారన్ కొట్టి చుట్టూ తిరిగి వెళుతున్నాయి. దాని గడపకి పసుపు లేదు. రోజూ పొద్దున మేమిద్దరం దాని ముందునుంచే నడుస్తాం. తలుపు దగ్గరికేసి ఉంటుంది. లోపల ఎవరో పక్క దులుపుతున్న చప్పుడు వస్తుంది.

పండగ ఎప్పుడని అనఘ అడుగుతుంది. ఏడాది తిరగాలని చెబుతాను.

మేము దీపావళి ఇంకా చెయ్యలేదు.